పాలిచ్చిన మానా, రా!

ఢిల్లీ కీర్తినగర్ కలప బజారులో టేకు బంగారు మేనితో మెరుస్తుంటే, షీషమ్ ముదురు చాయతో మురుస్తుంటే, ఆ రెంటి నడుమ వెన్నముద్ద వన్నెతో, ఆర్భాటమెరుగక ఒదిగి నిలిచినదానా, రబ్బరు చెక్కా! నిన్ను తాకితే చాలు, చేతులు వాటంతటవే జోడవుతాయి.

ఎక్కడి అమెజాన్ అడవి, ఎక్కడి కొట్టాయం కొండవాలు, ఎక్కడి యమునా తీరం! 1876లో హెన్రీ వికమ్ అనే ఆంగ్లేయుడు బ్రెజిల్‌లో ఓడకెక్కించిన గింజల వంశం నీది. లండన్ క్యూ తోటలో మొలకెత్తి, సింహళంలో చిగురించి, కేరళలో కోనలు నింపిన వంశం. ఏడేళ్ళ ప్రాయం దాటగానే నీ ఒంటికి గాట్లు మొదలు. సూర్యుడికంటే ముందే లేచే చేతులు, ఏటవాలు గాటు, చుక్కచుక్కగా చిప్పలోకి తెల్లని ధార. చక్రాలై పరిగెత్తావు, తొడుగులై వైద్యుల వేళ్ళను కాచావు. ముప్పయ్యేళ్ళు నిండి పాలు తగ్గిన నాడు నిన్ను కొట్టి పొయ్యిలోకి తోశారు, ఇటుక బట్టీలోకి తోశారు. పాలిచ్చిన తల్లికి మంటా కానుక!

నీ తీపే నీకు శత్రువైంది. ఒళ్ళంతా గంజి, చక్కెర. నరికిన కొద్ది రోజులకే నీలి బూజు, వెనకే పుచ్చు పురుగు. ఆ శాపం తీర్చింది బోరాక్సు నీళ్ళు. గాలి తోడేసిన ఇనుప తొట్టిలో వాటిని ఒత్తిడితో నీ నరనరానా నింపి, వేడి గదిలో నిదానంగా ఆరబెడితే నీకు రెండో జన్మ! పొట్టి ముక్కల కొసలను పళ్ళుగా కోసి, పంటిలో పన్ను దూర్చి, జిగురుతో బిగించిన నీ అతుకును వేలితో తడిమాను. గీత కంటికి కనబడింది, గోటికి తగల్లేదు. ఉలికి లొంగుతావు, చిత్రికకు నునుపు తేలుతావు, పూసిన రంగునల్లా తాగుతావు. బాగా ఆరిన నిన్ను ఇంట్లో ఉంచితే మే నెల వడగాలి అంత తేలిగ్గా బీటలు వార్చదు, శ్రావణపు ముసురు అంత తేలిగ్గా వంకర తిప్పదు.

అడవిని కూల్చి నీ తోట వేసిన చోట నా గొంతు పెగలదు. ముసలి తోట కొట్టేసిన నేలలోనే లేత మొక్క నాటిన చోట మాత్రం ఎలుగెత్తి పాడతాను. కాల్చితే పొగయ్యేదానివి! శీతాకాలమంతా ఊపిరికి వెతుక్కునే ఈ ఢిల్లీకి, గాలిలోంచి పీల్చిన కర్బనాన్ని ఒంట్లోనే దాచుకుని, కుర్చీవై వచ్చావు.

బాల్కనీ వానకు నిన్ను ఒప్పజెప్పను, మిట్టమధ్యాహ్నపు ఎండకు వదిలిపెట్టను. నోయిడాలో పిల్లల చదువు బల్లవై రా, గురుగ్రామ్‌లో పుస్తకాల అలమారవై రా, గాజియాబాద్‌లో అమ్మమ్మ మంచమై రా, మయూర్ విహార్‌లో తెలుగింటి పెళ్ళిపీటవై రా!