ట్యాబ్ మూసిన తర్వాతి పది నిమిషాలు

క్లస్టర్ సమావేశాలకు వెళ్తే ఈ మధ్య తోటి టీచర్లు ఒకటే అడుగుతున్నారు. "మేడం, లెక్కలకు మంచి గేమ్ ఏదైనా ఉంటే చెప్పండి, పిల్లలకు ఇచ్చేస్తాం." గేముల పేర్లు నాలుగు చెప్పడం తేలికే. అయితే ఇచ్చేసి పక్క తరగతికి వెళ్లిపోదామనుకుంటే ఆ గేమ్ ఎంత మంచిదైనా పిల్లల నోటుపుస్తకంలోకి రాదు. ఈ వారం దాని గురించే రాస్తున్నాను.

మా బడిలో అయిదు తరగతులకు ఇద్దరం టీచర్లం. మూడు, నాలుగు, అయిదు నావి. ఒక తరగతి చేతికి ట్యాబులిస్తే ఇంకో తరగతికి నెమ్మదిగా పాఠం చెప్పుకోవచ్చన్న ఆశ ఇలాంటి బడిలో ఎవరికైనా పుడుతుంది. పైగా అవసరం కూడా చిన్నది కాదు. 2024 అసర్ చదువుల సర్వే ప్రకారం మన దేశపు పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండంకెల తీసివేత చేయగలిగినవాళ్లు మూడింట ఒక వంతు మందే. 52లోంచి 27 తీసేయమంటే 35 అని రాసే పిల్లలు నా తరగతిలోనూ ఉంటారు. ఒకట్ల స్థానంలో రెండులోంచి ఏడు పోదు కాబట్టి, ఏడులోంచి రెండు తీసేస్తారు. ఆ పిల్లలే తెర మీద తీసివేత గేమ్‌లో నక్షత్రాలు గెలుచుకుంటారు. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమన్నప్పుడు చివరి అంకె చూసి పట్టేసే నేర్పు వాళ్లకు త్వరగానే వస్తుంది. అది తీసివేత రావడం కాదు.

గేములు పనికిరావని నేను అనను. గుజరాత్‌లోని వడోదర మున్సిపల్ బడుల్లో 2002 నుంచి రెండేళ్ల పాటు జరిగిన పని ఇందుకు గట్టి సాక్ష్యం. ప్రథమ్ సంస్థ నాలుగో తరగతి పిల్లలను ఇద్దరికొక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, వారానికి రెండు గంటలు లెక్కల గేములు ఆడించింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వాళ్ల సహచరులు ఫలితాలు కొలిచారు. రెండో ఏడాదికి లెక్కల మార్కులు 0.47 ప్రామాణిక విచలనం మేర పెరిగాయి. చదువు మీద జరిగే ప్రయోగాల్లో ఇది పెద్ద అంకె. కార్యక్రమం ఆగిన ఏడాదికి మళ్లీ చూస్తే, మిగిలింది 0.10 దగ్గర. అంత పెరిగింది అంతగా ఎందుకు జారిపోయింది? గేములతో లెక్కలు చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి నన్ను వదలని ప్రశ్న ఇదే.

గుజరాత్‌లోనే మరో అనుభవం ఉంది. జ్ఞానశాల అనే సంస్థ నడిపే తరగతుల్లో లీ లిండెన్ అనే ఆర్థికవేత్త ఒకే సాఫ్ట్‌వేర్‌ను రెండు రకాలుగా పరీక్షించారు. బడి వేళ కాకుండా అదనంగా ఆడిన పిల్లలు ముందుకెళ్లారు. టీచరు చెప్పే సమయంలో కోత పెట్టి ఆడించినచోట పిల్లలు వెనకబడ్డారు. సాఫ్ట్‌వేర్ ఒకటే, తరగతిలో దాని చోటు వేరు. ట్యాబ్ ఇచ్చేసి వెళ్లిపోదామనుకునే మిత్రులకు నేను ముందు ఈ సంగతే చెబుతాను.

నా తరగతిలో బాగా పనిచేసింది జీకాంప్రిలోని తక్కెడ ఆట. జీకాంప్రి 2000లో మొదలై, ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్న సాఫ్ట్‌వేర్. ఇంటర్నెట్ అక్కర్లేదు. నెట్ ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియని బడికి అదే పెద్ద వరం. తక్కెడలో ఒకవైపు బహుమతి పొట్లం ఉంటుంది. తూకపు రాళ్లు పెట్టి ముల్లు సరిచేయాలి, పొట్లం బరువెంతో చెప్పాలి. మొదట్లో రాళ్లు కూడుకుంటే చాలు. తర్వాతి మెట్లలో పొట్లం వైపు కూడా రాయి పెట్టాల్సి వస్తుంది. అక్కడ పిల్లలు ఆగిపోతారు.

"టీచర్, రాయి పొట్లం పక్కన పెట్టొచ్చా?"

"అట్టా పెడితే ఇంకా బరువైపోద్ది గదరా!"

ఈ వాదన కోసమే నేను ఇద్దరికొక ట్యాబ్ ఇస్తాను. ఎక్కువ ట్యాబులున్నా అలాగే ఇస్తాను. ఒంటరిగా ఆడే పిల్ల వేలితో ప్రయత్నిస్తూ పోతుంది. పక్కన మరొకరుంటే ఎందుకో చెప్పాల్సి వస్తుంది. ఉదాహరణకు, ఎదురువైపు 9, పొట్లం పక్కన 4 పెడితే ముల్లు నిలుస్తుంది. పొట్లం బరువు 5 అని ఇద్దరూ ఒప్పుకున్నాక ట్యాబులు మూయిస్తాను.

అసలు పాఠం అప్పుడు మొదలవుతుంది. బోర్డు మీద తక్కెడ గీసి, ఇప్పుడు చేసింది అంకెల్లో రాయమంటాను. కొందరు 5+4=9 అంటారు, కొందరు 9–4=5 అంటారు. ఎవరిది సరైనదని గట్టిగానే పోట్లాడుకుంటారు. రెండూ ఒకే తక్కెడని ఎవరో ఒకరు పట్టుకునేదాకా నేను నోరు విప్పను. మర్నాడు చీపురు పుల్లలను పదేసి కట్టలు కట్టి, 52లోంచి 27 తీయిస్తాను. కట్ట విప్పక తప్పదని చేతులకు తెలిశాక, పలక మీద పక్కింటి నుంచి అప్పు తేవడం ఏమిటో అర్థమవుతుంది. వచ్చిన 25కు 27 కలిపి చూసుకోమంటే, తక్కెడ మళ్లీ వాళ్ల మాటల్లోకి వస్తుంది.

ఆటకూ అంకెలకూ మధ్య ఈ వంతెన వేయకపోతే ఏమవుతుందో ఢిల్లీ ప్రయోగం చూపించింది. 2017లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ అధ్యయనంలో 1,500కు పైగా చిన్నపిల్లలున్నారు. కొందరి చేత చుక్కల గుంపులు పోల్చడం, ఆకారాల్లో వేరుగా ఉన్నదాన్ని పట్టుకోవడం లాంటి ఆటలు ఆడించారు. అవి కంప్యూటర్ గేములు కావు. ఆ నేర్పు ఏడాది దాటినా వాళ్లలో నిలిచింది. కానీ బడి లెక్కలకు వచ్చేసరికి మిగతా పిల్లలకన్నా వాళ్లకు మేలేమీ కనిపించలేదు. ఆటలో వచ్చిన తెలివి దానంతటదే గుర్తుల్లోకి, అంకెల్లోకి నడిచి రాదు. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకురావాలి. వడోదరలో పెరిగింది ఎందుకు జారిపోయిందన్న ప్రశ్నకు కూడా జవాబు కొంత ఇక్కడే ఉందని నా నమ్మకం.

గేమ్ ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒకటే: లెక్క ఎవరు చేస్తున్నారు, పిల్లలా, యంత్రమా? అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే పరిశోధకులు పేదింటి పిల్లల చేత ఒకటి నుంచి పది దాకా వరుసగా గళ్లున్న పటం మీద ఆడించారు. మొత్తం కలిపి గంటసేపటి ఆటతోనే ఆ పిల్లలకు సంఖ్యల మీద పట్టు పెరిగింది. నియమం చిన్నదే. నాలుగో గడిలో ఉన్న పిల్లకు రెండు పడితే "ఒకటి, రెండు" అనకూడదు, "అయిదు, ఆరు" అంటూ జరపాలి. మన వైకుంఠపాళి కూడా ఈ నియమంతో ఆడిస్తే చక్కటి లెక్కల పాఠం. అదే ఆట ట్యాబ్‌లో చూడండి. పాచిక మీద నొక్కగానే కాయ తనంతట తానే గెంతుకుంటూ పోతుంది. పిల్లలు లెక్కపెట్టాల్సింది యంత్రం లెక్కపెట్టేసింది. అలాంటి గేమ్ ఎంత అందంగా ఉన్నా నేను తరగతిలోకి రానివ్వను. గడియారం పెట్టి పరుగెత్తించేవీ అంతే. ఎక్కాలు వచ్చేసిన పిల్లలకు అవి సరదా. రాని పిల్లలు మొదటి వారమే పక్కకు తప్పుకుంటారు, తర్వాత వాళ్లను మళ్లీ లెక్కల దగ్గరికి తీసుకురావడానికి నెలలు పడుతుంది.

తెలంగాణలో 2025లో ప్రాథమిక పాఠశాలల్లో వెనకబడిన పిల్లలకు కంప్యూటర్ల మీద తెలుగు, గణితం సాధన చేయించే కార్యక్రమం మొదలైంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటివి ఇంకా వస్తాయి, రావాలి కూడా. వాటిని నడిపే అధికారులకు నాదొక విన్నపం. ఏ బడిలో పిల్లలు ఎన్ని నిమిషాలు ఆడారన్న లెక్క డ్యాష్‌బోర్డులో వస్తూనే ఉంటుంది. దానితో పాటు ట్యాబ్ మూశాక టీచరు పిల్లలతో మాట్లాడడానికి పది నిమిషాలు టైంటేబుల్లోనే రాసివ్వండి. తనిఖీకి వచ్చినప్పుడు తెర మీది నక్షత్రాలు చూడొద్దు. ఆ రోజు ఆడిన ఆటలోని లెక్కను పలక మీద చేసి చూపమని ఇద్దరు పిల్లలను అడగండి.