స్ట్రింగ్ ఖండనలో తెలుగు అక్షరం: ప్రమాణాల విమర్శ

ఒక పద్యపాదం నుంచి మొదటి రెండక్షరాలను వేరుచేయడానికి ఛందస్సు తెలిసిన పాఠకుడు తడుముకోడు. కంప్యూటరుకు మాత్రం అక్షరమంటే ఏమిటో ముందుగా నిర్ణయించి చెప్పాలి. ప్రోగ్రామింగ్ భాషలు ఈ నిర్ణయాన్ని వేర్వేరుగా చేశాయి. వాటిలో చాలావరకు తెలుగు లిపి స్వభావాన్ని పరిగణించినవి కావు.

‘కర్ణుడు’ అనే పదాన్ని పరిశీలించవచ్చు. యూనికోడ్‌లో ఇది క, ర, పొల్లు, ణ, కొమ్ము, డ, కొమ్ము అనే 7 కోడ్ పాయింట్ల వరుస. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింటు ఒక్కొక్కటి 3 బైట్లు కనుక మొత్తం 21 బైట్లు. తెలుగు లెక్కలో అక్షరాలు మూడే: క, ర్ణు, డు.

పీహెచ్‌పీలోని సబ్‌స్టర్ ఫంక్షన్ బైట్లను లెక్కిస్తుంది. మొదటి 4 బైట్లు కోరితే ‘క’ పక్కన రేఫలో మూడోవంతు మిగిలి, తెరపై అర్థంలేని గుర్తు కనిపిస్తుంది. ఎంబీ_సబ్‌స్టర్ ఫంక్షన్, పైథాన్ 3 స్లైసింగు కోడ్ పాయింట్లను లెక్కిస్తాయి. రెండు కోరితే ‘కర’ వస్తుంది. బైట్ల లెక్కకు కోడ్ పాయింట్ల లెక్కను పరిష్కారంగా చూపడం పరిపాటి. తెలుగు విషయంలో ఈ అభిప్రాయం నిలవదు. మొదటి దోషం కంటికి కనిపిస్తుంది కనుక దిద్దుకోవచ్చు. రెండోది చేయి అనే అర్థంగల మరో రూపంగా మారి, దోషమన్న అనుమానమే కలగనివ్వదు. పదసూచికలు, పాఠకోశాలు తయారుచేసేవారికి రెండోదే ఎక్కువ ప్రమాదకరం.

పాఠకుడు ఒక్కటిగా గుర్తించే గుర్తుల సముదాయాన్ని యూనికోడ్ ‘గ్రాఫీమ్ క్లస్టర్’ అంటుంది. ఈ ప్రమాణం కూడా చాలాకాలం సంయుక్తాక్షరాన్ని పొల్లు దగ్గర విరిచింది: క, ర్, ణు, డు. 2023లో వెలువడిన యూనికోడ్ 15.1 తెలుగు సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయరాదన్న సూత్రాన్ని చేర్చింది. అప్పటినుంచి ‘ర్ణు’ ఒక్కటే. అయితే పాత ప్రమాణాన్ని అనుసరించే లైబ్రరీతో అదే ప్రోగ్రాము నేటికీ నాలుగనే చెబుతుంది.

గణవిభజనలో ఈ తేడా మరింత తీవ్రం. సంయుక్తానికి ముందున్న ‘క’ గురువు, తక్కిన రెండూ లఘువులు; పదం భగణం. ‘ర్’ను విడి అక్షరంగా లెక్కించిన ప్రోగ్రాముకు ఈ గణం దొరకదు. కొత్త సూత్రం ఇక్కడ సరిపోయినా ‘రామున్’ వద్ద సరిపోదు. యూనికోడ్ దృష్టిలో అది రా, ము, న్ అనే మూడు క్లస్టర్లు. ఛందస్సులో చివరి పొల్లు ‘ము’తో కలిసి దాన్ని గురువు చేస్తుంది కనుక రెండే అక్షరాలు. దీన్ని యూనికోడ్ లోపంగా ఎంచడం న్యాయం కాదు. అది లిఖిత రూపానికి ప్రమాణం, ఉచ్చారణకు కాదు. అకారాది సూచికకు క్లస్టరు చాలు. ఛందోవిశ్లేషణకు పదాంతపు పొల్లును ముందక్షరంతో కలిపే మరో దశ అవసరం. ఏ ప్రమాణంతో ఖండించారో చెప్పని పరిశోధనలోని అక్షరసంఖ్యను మరో పరిశోధనతో పోల్చడానికి వీలుండదు.