పెద్దమ్మ విత్తనాల బుట్ట

మృగశిర వచ్చిందంటే నా మనసు సూరత్‌లోని వడోద్‌లో నిలవదు. మరమగ్గాల చప్పుడులోంచి బయటికొచ్చి, జహీరాబాద్ పక్క ఊళ్లో ఉన్న పెద్దమ్మకు ఫోన్ చేస్తాను. నిరుడు, "వాన పడ్డదా?" అంటే, "పడ్డట్టే పడి పోయింది బిడ్డా, దుక్కి తడువలే" అంది.

వాతావరణ మార్పు అన్న మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. "కార్తెలు మాట తప్పుతున్నయి" అంటుంది. రైతులకు ఇదంతా అర్థం కాదనీ, పాత పద్ధతి వదలరనీ చదువుకున్నవాళ్లు అంటుంటే నాకు బాధేస్తుంది. కొత్త పంట వేయమనడం తేలిక. వాన ముఖం చాటేస్తే అప్పు తీర్చాల్సింది వేసినవాళ్లే.

పెద్దమ్మ ఎకరం చెలకలో ఒక్క పంటే ఎప్పుడూ వేయదు. జొన్నలో కంది, పెసర, కొర్ర, గోగు కలుపుతుంది. బెట్టకు పెసర మాడినా, లోతుగా వేరు దిగిన కంది తట్టుకుంటుంది. కాయలోనే పెసలు మొలకెత్తేంత ముసురు పట్టినా, జొన్న చొప్ప పశువులకు దక్కుతుంది. ఉకాయ్, కాక్రాపార్ కాలువల కింద చెరకు చూసే ఇక్కడి సూరత్ వైపు కళ్లకు ఆ చేను కలగాపులగంగా కనిపిస్తుందేమో. నాకు మాత్రం అందులో ఎంతో ముందుచూపు కనిపిస్తుంది.

ఉగాదికి వెళ్లినప్పుడు అటక మీది వెదురు బుట్ట దించింది. లోపలా బయటా పేడమట్టితో అలికి ఉంది. మూత చుట్టూ మెత్తిన మట్టి పెళ్లలు గోటితో ఊడదీస్తే, పైన బూడిద, ఎండిన వేపాకు, అడుగున కందులు. ఒక గింజ పంటికింద పెట్టి కొరికింది. టక్కుమంది. "ఎండింది మంచిగ" అని మళ్లీ మూసింది.

ఆ ప్రాంతంలో ఇలాంటి బుట్టలే ఊరి విత్తన బ్యాంకులయ్యాయి. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవాళ్లు, ఎక్కువమంది దళిత రైతులే, దశాబ్దాలుగా వాటిని నడుపుతున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి ఆ సంస్థకు వచ్చింది. నల్లరేగడిలో నీళ్లు కట్టకుండా, చలికాలపు మంచుకే పండే వాటిని వాళ్లు 'సత్యం పంటలు' అంటారు. ఆ పేరు నాకెంతో ఇష్టం.

మఖ కార్తెలో మళ్లీ ఫోన్ చేశాను. పెసర మాడిపోయిందట.

"ఆ సాళ్లల్ల ఉలవలు ఏస్తున్న బిడ్డా. పక్కింటామె దగ్గర మానెడు తెచ్చిన. పండినంక రెండు మానెలు ఇయ్యాలె."