ఆదోని రూపాయి మీద తప్పు ఏది, దెబ్బ ఏది

టంకసాలలో జరిగిన తప్పుకూ, చేతులు మారుతూ తగిలిన దెబ్బకూ తేడా ఆదోని దగ్గరి ఎమ్మిగనూరు మగ్గాల వాళ్లకు చెప్పనక్కర్లేదు. నేస్తుండగా పోగు తప్పితే ఆ తప్పు నేతలోనే ఉండిపోతుంది. ముళ్లకంపకు చిక్కి చిరిగిన చీర కథ వేరు. నాణెం చూసేవాడికీ ఆ కన్నే కావాలి.

అచ్చు మీద పగులు పడితే నాణెం మీద అది సన్నటి గట్టులా పైకి లేస్తుంది. ముద్ర పడ్డాక గీసుకుంటే గీత లోపలికి దిగుతుంది. చాలా వివాదాలు ఇక్కడే తేలిపోతాయి. ముద్ర పడిన నాణెం అచ్చుకే అతుక్కుపోయి, దాని కిందికి కొత్త బిళ్ల వచ్చిందనుకోండి. ఆ బిళ్లకు ఒక పక్క బొమ్మ మామూలుగా, రెండో పక్క అదే బొమ్మ తిరగబడి గుంటగా పడుతుంది. దీన్ని బ్రాకేజ్ అంటారు. ఎంత అందమైన తప్పు! రెండు నాణేలను వైస్‌లో బిగించి ఇలాంటిది చేస్తారు గానీ, అవతలి పక్క అక్షరాలు నలిగి చదునై మోసాన్ని పట్టిస్తాయి. నెలవంకలా తెగిన బిళ్ల అయితే కోతకు సరిగ్గా ఎదుటి అంచు చూడండి. అసలుదానిలో అక్కడి గట్టు తరచూ పలచబడి ఉంటుంది. ఆకురాయి పట్టినవాడికి ఆ సంగతి తెలియదు.

ఆదోనిని 1688లో మొగలులు గెలిచి ఇంతియాజ్‌గఢ్ అన్నారు. ఆ పేరుతో ఔరంగజేబు రూపాయలు, తర్వాత మహమ్మద్ షా పేరిట చిన్న బంగారు వరహాలు వెలువడ్డాయి. చరిత్ర ఇంతటితో చాలు, పనితనం చూడండి! అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది, కొట్టేది సుత్తి. అందుకే ఊరి పేరు సగమే పడటం తప్పు కాదు, ఆనాటి పద్ధతే. సుత్తి ఎగిరి మళ్లీ పడితే అక్షరాలు జంటగా కనిపిస్తాయి, అది అసలైన తప్పు. ఇక వెండిని పరీక్షించడానికి నాణేలు మార్చే సరాఫులు కొట్టిన చిన్న గుర్తులు దెబ్బలే, కానీ నిజాయితీగల దెబ్బలు. వాటిని మచ్చలంటే నేను ఒప్పుకోను. ఆ రూపాయి ఎన్ని పరీక్షలకు నిలిచిందో చెప్పే సాక్ష్యాలవి.

అరుగుదలనూ సగం ముద్రనూ దాటి చదవగలిగినవాడే మొనగాడు. కోటిలింగాల నాణేల మీద సిముకుడి పేరు చదివిన శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మ శాస్త్రి గారిని తలచుకుంటే చేతులు వాటంతటవే జోడవుతాయి. శాతవాహనుల తొలి రాజు పేరు నాణెం మీద చదవడం మాటలా!

ఇంత విద్య ఉన్న నేల మీద ఇప్పుడు జరుగుతున్నదేమిటి? పది రూపాయల నాణెం నడిమి బిళ్లను కొట్టి ఊడదీసి ‘ఎర్రర్’ అని అమ్ముతున్నారు. యాసిడ్‌లో ముంచి పలచబరచి అరుదైనదని నమ్మిస్తున్నారు. తూకం వేస్తే చాలు, బండారం బయటపడుతుంది: 1992 తర్వాతి పెద్ద స్టీలు రూపాయి 4.85 గ్రాములు ఉండాలి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయలకు లక్షలిస్తామనే వీడియోలు పల్లె పల్లెకూ పాకాయి. తన పేరు వాడుకుని పాత నాణేల కోసం కమీషన్లు గుంజుతున్నారని 2021లో రిజర్వ్ బ్యాంకే హెచ్చరించాల్సి వచ్చింది. ఇది దోపిడీ. దీన్ని నాణేల అభిరుచి అని పిలవడం సరాఫులకు అవమానం.

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పొలాల్లో పాత నాణెం దొరికితే చింతపండుతో తోమకండి, యాసిడ్ తాకించకండి. తోమితే అక్షరంతో పాటు సరాఫు గుర్తూ పోతుంది. పది రూపాయల విలువకు మించిన నిధి ఏదైనా 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. ముందు ఆ పని చేయండి.