పడవ లేనివాళ్ల వాటా

వేసవిలో ఎర్ర స్నాపర్ సీజన్ తెరిచారంటే గాల్వెస్టన్ రేవులో మా హ్యూస్టన్ తెలుగువాళ్లు కూడా గాలాలు పట్టుకుని కనిపిస్తారు. పడవ తీరం దాటకముందే వాదన మొదలవుతుంది. "ఫెడరల్ జలాల్లో మనకు మనిషికి రోజుకు రెండు చేపలే. ఆ వ్యాపారం పడవలకు మాత్రం టన్నులకు టన్నులా? ఇదేం న్యాయమన్నా?"

మెక్సికో గల్ఫ్‌లో ఈ చేపకు వాటాలు వేసింది 1990లో. వ్యాపార వేటకు 51 శాతం, సరదా వేటకు 49. 1979 నుంచి 1987 దాకా ఎవరెంత పట్టారో చూసి కట్టిన లెక్క అది. తర్వాత మా వైపు కాస్త జరిపారు గానీ 2017లో కోర్టు కొట్టేసింది. అదే ఏడాది సొంత పడవలవాళ్లకు ఫెడరల్ సీజన్ మూడంటే మూడు రోజులు ప్రకటించారు. గొడవయ్యాక మరో 39 రోజులు కలిపారు. ఆ మూడు రోజుల కోపం న్యాయమైనదే. ఆ రోజుల్లో గాలి ఎదురు తిరిగితే ఏడాదంతా పోయినట్టే. అయితే చేపలు కరువై సీజన్ కుదించలేదు. చేపలు కోలుకుని పెద్దవయ్యాయి, తూకంలో లెక్కగట్టే కోటా త్వరగా నిండింది. పైగా రాష్ట్రాలు తమ జలాల్లో రోజులు పెంచుకుంటూ పోయాయి.

నేను ఒప్పుకోనిది ఒక్కటే, వ్యాపార వాటాను పరాయివాళ్ల సొమ్ములా చూడటం. పడవ లేనివాళ్లు తినేది ఆ వాటాలోంచే. దుకాణంలో మొప్ప ఎత్తి ఎరుపు చూసుకుని, పులుసుకు ముక్కలు కొట్టించుకునే ఇల్లాలికి సముద్రంలో ఉన్న హక్కు అదొక్కటే. 2007 నుంచి ఆ పడవలకు విడివిడిగా కోటాలున్నాయి. రేవుకొచ్చిన సరుకు తూకం వేసి అందులోంచి తీసేస్తారు. వేటకే వెళ్లనివాళ్లు కోటా కౌలుకిచ్చుకుంటున్న మాట నిజమే, అది సరిచేయాల్సిందే. అయినా వాళ్ల చేపకు తూకం ఉంది. మాది చాలావరకు సర్వేల అంచనా.

ఆ అంచనాకు సరిగా అందనిది వదిలేసిన చేప. నూటయాభై అడుగుల లోతు నుంచి లాగినప్పుడు గాలితిత్తి ఉబ్బి, చేప కడుపు నోట్లోంచి బుడగలా బయటికొస్తుంది. కళ్లు పొడుచుకొస్తాయి. చిన్నదని పైనే వదిలేస్తే మునగలేక వెల్లకిలా తేలుతుంది. డాల్ఫిన్లు పడవ పక్కనే కాచుకుని ఉంటాయి. కింది దవడకు క్లిప్పు తగిలించి, బరువు కట్టి లోతుకు దించితే నీటి ఒత్తిడికి తిత్తి మళ్లీ కుదురుకుంటుంది, క్లిప్పు ఊడి చేప ఈదుకుంటూ పోతుంది. రెండు నిమిషాల పని. ఆ సాధనమో, గాలి తీసే సూదో పడవలో సిద్ధంగా ఉండాలని 2022లో చట్టమే అమల్లోకి వచ్చింది. చేపలు ముమ్మరంగా పడుతున్నప్పుడు ఆ రెండు నిమిషాలు ఎవరికీ ఉండవు. వదిలాక చచ్చిన చేప ఎవరి కూరలోకీ రాదు, అయినా అది ఉమ్మడి సొత్తులోంచి తరిగినదే.

అలబామాలో పట్టిన స్నాపర్ల లెక్క చెప్పడం 2014 నుంచి తప్పనిసరి. టెక్సస్‌లోనూ అలాగే ఉండాలని, వదిలినవి, తేలినవి కూడా అందులో రాయాలని నా కోరిక. మాకు మరో రెండు శాతం కావాలంటే ఆ కాగితం పట్టుకునే అడుగుదాం.