గట్టిపడే పూత

చలి మొదలైతే మా వంటింట్లో చాక్లెట్ పని మొదలవుతుంది. నువ్వుల ఉండలు, పల్లీపట్టి ముక్కలు, గింజ తీసి బాదం పెట్టిన ఖర్జూరాలు. వీటిని చాక్లెట్‌లో ముంచి తీయడం నాకెంతో ఇష్టం. చాక్లెట్ కరిగించడం ఎవరికైనా వచ్చు. మళ్లీ నిగనిగలాడుతూ, కొరికితే ఫట్‌మని విరిగేలా గట్టిపడాలి చూడండి, పనితనమంతా అక్కడే ఉంది.

కాంపౌండ్ చాక్లెట్ పలకలతో ఈ శ్రమ లేదు. కోకో బటర్ బదులు పామ్ కెర్నల్ నూనె లాంటి కొవ్వు ఉంటుంది కాబట్టి దానంతటదే గట్టిపడుతుంది. కానీ నోట్లో పెట్టుకుంటే మైనంలా అంగిట్లో అతుక్కుంటుంది. ఇంట్లో వేయించి దంచిన నువ్వుల మీద ఆ పూత వేయడానికి నాకు మనసొప్పదు. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చదివి, కోకో బటర్ ఉన్నదే కొనండి.

పొట్టు తీసిన కోకో గింజలో దాదాపు సగం ఈ కొవ్వే. ఏలూరు, పశ్చిమగోదావరి జిల్లాల కొబ్బరి తోటల నీడన పండే గింజల్లోనూ అంతే. అది ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకడుతుంది. మనకు కావలసింది అయిదో రకం. సుమారు 34 డిగ్రీల దాకా గట్టిగా నిలిచి, నోటి వేడికి కరిగిపోయేది అదే.

దాన్ని రప్పించే పద్ధతి ఇదీ. 300 గ్రాముల డార్క్ చాక్లెట్ సన్నగా తరగండి. 200 గ్రాములు వేడినీళ్ల గిన్నె మీద, అడుగు నీళ్లకు తగలకుండా 45 డిగ్రీల దాకా కరిగించండి. దించి, మిగిలిన 100 గ్రాములు కొంచెం కొంచెంగా వేస్తూ కలపండి. ఆ తరుగులోని మంచి స్ఫటికాలే మిగతాదాన్ని తమ దారికి తెచ్చుకుంటాయి. 31, 32 డిగ్రీలకు రావాలి. థర్మామీటర్ లేకపోతే ఒక చుక్క కింది పెదవికి తాకించండి, కాస్త చల్లగా తగలాలి. తర్వాత గరిటె వెనక పలచగా రాసి చూడండి. అయిదు నిమిషాల్లో మెరుస్తూ ఆరిందా, ఇక ముంచడమే.

గిన్నెలో తడి ఉండకూడదు. ఒక్క నీటిచుక్క పడినా చాక్లెట్ ముద్దకట్టేస్తుంది. పచ్చికొబ్బరి లౌజు, నెయ్యి ఊరే సున్నుండ కూడా దీనికి పనికిరావు. నెయ్యి పూతలోకి పాకి, మెత్తబరిచి, తెల్లమచ్చలు తెస్తుంది. పలచబడుతుందని చాలామంది చెంచాడు కొబ్బరినూనె కలుపుతారు. 24 డిగ్రీలకే కరిగే నూనె అది, పూతను గట్టిగా నిలవనివ్వదు. నేను కలపను, మీరూ కలపకండి.

ఆరాక ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చెమ్మ పట్టి చక్కెర పైకి తేలుతుంది. మూత బిగిసే డబ్బాలో, చల్లని గదిలో ఉంచండి. సంక్రాంతి దాకా ఈ పని హాయిగా సాగుతుంది. ఎండలు ముదిరాక మాత్రం ఏసీ గది లేకుండా మొదలుపెట్టకండి. మే నెలలో మన వంటిళ్ల వేడికి ఏ కోకో బటరూ గట్టిపడదు.