గులాబి తైలము - గుణదోష విచారణ

అనకాపల్లి పేరు వినగానే బెల్లము జ్ఞప్తికి వచ్చును. అచ్చటి మార్కెట్టులో వరుసగా పేర్చిన దిమ్మలకు అనుభవము గల వర్తకుడు ఒక్క చూపుతో విలువ కట్టడు. రంగు చూచును, గిల్లి పలుకు చూచును, కొంచెము నోట వేసికొనును, వాసన చూచును. తళతళలాడు పసుపు రంగు కొత్తవానిని మురిపించును. కాని పాతవాడు ఆ రంగు హైడ్రోసు అను సోడియం హైడ్రోసల్ఫైటు వలన వచ్చినదేమో యని శంకించును. అట్లు తెల్లబరచిన బెల్లము నిలువలో మరల రంగు మారునని అతడెరుగును. అందుచేత మొదటి చూపును నమ్మక, కాలము పెట్టు పరీక్షనే నమ్మును.

బెల్లము విషయములో ఇంత విచక్షణ గల మనము అత్తరు దుకాణమున అడుగు పెట్టగానే దానిని మరచిపోదుము. దూదికి అద్దిన గులాబి తైలమును ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకొని, "ఆహా, అచ్చము పువ్వే!" అని డబ్బు చెల్లింతుము. గులాబి తైలమును మెచ్చుటకు ఈ కొలత చాలదు. పైగా ఇది తప్పుదారి పట్టించు కొలత. స్వేదనము చేసిన గులాబి తైలము పువ్వు వంటిది కాదు, కానక్కరలేదు కూడ. చెరకు రసమునకు బెల్లమెట్టిదో, పువ్వునకు తైలమట్టిది. రెండును నిప్పు మీద పుట్టినవే.

పేరు ఒకటి, సరకులు పలు

ముందుగా పేర్ల చిక్కు విప్పుకొనవలెను. మన పెండ్లిండ్లలో బుడ్డితో చల్లు పన్నీరు గులాబి రేకులను నీటితో మరిగించి, ఆవిరిని చల్లార్చగా వచ్చిన నీరు. ఆ నీటి మీద తేలు పలుచని నూనెయే గులాబి తైలము. కన్నౌజు వర్తకులు దీనిని రూహ్ గులాబ్ అందురు. అత్తరు వేరు. కన్నౌజులో రాగి డేగులో పువ్వులు మరిగించి, వచ్చు ఆవిరిని వెదురు గొట్టము ద్వారా భప్కా అను పాత్రలోని చందన తైలములోనికి దింపుదురు. అత్తరులో గులాబి ఎంతయో, చందనమును అంత ముఖ్యము. చందన తైలము ధర పెరిగిన తరువాత దాని బదులు ద్రవ పారఫిను వంటివి వాడుటయు సాధారణమైనది. ఇవిగాక, ద్రావకములతో పువ్వు సారమును లాగి తీయు అబ్సల్యూటు అనునది ఇంకొకటి. ఈ నాలుగింటికిని ఒకే తీర్పు చెప్పుట అన్యాయము.

నూర్జహాను ఈ తైలమును కనిపెట్టినదని వాడుకలో ఒక కథ ఉన్నది. జహంగీరు చక్రవర్తి తన ఆత్మకథలో ఆ ఘనతను ఆమెకు గాక ఆమె తల్లికి ఇచ్చినాడు. పన్నీరు కాచుచుండగా పైన తేలిన తెట్టును ఆమె గమనించి ప్రోగు చేసినదట. 1605 నుండి 1627 వరకు పాలించిన ఆ చక్రవర్తి పేరే దానికి పెట్టబడినది. తైలమును మొదట కనుగొన్న వారెవరైనను, ఆ గమనింపు మాత్రము మెచ్చదగినది.

నిప్పు తీసికొన్నది, నిప్పు ఇచ్చినది

తైలమునకు వాడు ముఖ్యమైన జాతి రోజా డమసీనా. బల్గేరియాలోని కజాన్లిక్ లోయ, తుర్కీలోని ఇస్పార్టా దీనికి ప్రసిద్ధములు. మన దేశమున ఉత్తర ప్రదేశ్, రాజస్థాన్, హిమాచల ప్రదేశములలో దీనిని పండింతురు. చలికాలము గడచి వసంతము రాగా కొద్ది వారములు మాత్రమే ఇది విరగబూయును. అట్టి చలి లేని అనకాపల్లి వంటి తీర ప్రాంతమున ఈ తైలము కొరకు తోటలు వేయుమని ఎవరైన ఆశ పెట్టినచో, రైతు ఒకటికి రెండు సార్లు ఆలోచింపవలెను. ఒక కిలో తైలమునకు సుమారు 3,500 నుండి 4,000 కిలోల పువ్వులు కావలెను. అనగా పది లక్షలకు మించిన పువ్వులు. వాటిని తెల్లవారుజామున కోయవలెను. ఎండ ఎక్కిన కొలది రేకులలోని తైలము తగ్గిపోవును.

ఇక బట్టీలో జరుగునదేమి? పువ్వును మూచూచినపుడు మనకు తోచు మెత్తని తీపి వాసనకు ముఖ్య కారణము ఫినైల్ ఇథైల్ ఆల్కహాలు. ఇది నీటిలో సులభముగా కరగును. కావున స్వేదనములో చాల భాగము పన్నీటిలోనే నిలిచిపోవును. తైలములో నూటికి 1 నుండి 3 పాళ్లు మాత్రమే మిగులును. ద్రావకముతో తీసిన అబ్సల్యూటులోనైతే ఇది సగమునకు మించి ఉండును. పువ్వు పోలికయే కొలతగా పెట్టుకొన్నచో పన్నీరును, అబ్సల్యూటును మెచ్చవలెను గాని, వాటికంటె ఖరీదైన తైలమును కాదు.

నిప్పు ఒక దానిని తీసికొని వేరొక దానిని ఇచ్చును. 1970లో జెనీవాలోని ఫిర్మెనిష్ సంస్థకు చెందిన దెమోల్, ఆయన సహచరులు బల్గేరియా గులాబి తైలములో బీటా డమాసినోన్ అను పదార్థమును గుర్తించి ప్రకటించారు. మొక్కలోని కెరొటినాయిడ్ వర్ణకముల నుండి పుట్టిన వాసన లేని మూల పదార్థములు బట్టీలోని వేడికి విడివడగా ఇది ఏర్పడును. తాజా పువ్వు విడుచు వాసనలో దీని పాలు అత్యల్పము. ఉడికిన ఆపిలు, ఎండు ద్రాక్ష, తేనె కలిసినట్టి వాసన దీనిది. నల్ల టీలోను, ద్రాక్ష సారాయిలోను, చెరకు మడ్డి నుండి తీయు రమ్ములోను ఇదే ఉన్నది. బెల్లము వండు పెనముల నడుమ పెరిగిన ముక్కునకు గులాబి తైలములోని ఈ గంభీరమైన తీపి పరాయిదిగా తోచకపోవచ్చును.

తూకము వేరు, వాసన వేరు

గులాబి తైలములో మూడు వందలకు పైగా పదార్థములను రసాయనికులు గుర్తించారు. తూకములో పెద్దది సిట్రొనెలాల్. అదే సంస్థలో పనిచేసిన గుంథర్ ఓలోఫ్ పట్టికలో అది నూటికి 38 పాళ్లు, జెరానియాల్ 14, డమాసినోన్ 0.14 మాత్రమే. ఈ లెక్క చూచి సిట్రొనెలాలే గులాబి అనుకొందుము. కాని వాసనను తూకముతో గాక, ముక్కు పసిగట్టగల కనీస పరిమాణముతో పోల్చి చూడవలెను. నూరు కోట్ల పాళ్ల నీటిలో సిట్రొనెలాల్ 40 పాళ్లు ఉన్నగాని తెలియదు. డమాసినోన్ 0.009 పాలు ఉన్నను తెలియును. ఇప్పుడు 38ని 40 చేతను, 0.14ను 0.009 చేతను భాగింపుడు. మొదటిది ఒకటికి లోపు. రెండవది సుమారు 15.6. తూకములో 270 వంతులు తక్కువైన పదార్థము వాసన లెక్కలో 16 రెట్లు అధికమైనది! నూటికి 0.03 పాలు మాత్రమే ఉన్న బీటా అయనోన్ కూడ ఈ లెక్కలో సిట్రొనెలాల్‌కు నాలుగు రెట్లకు పైగా తూగును.

ఇది చూచి డమాసినోన్ ఒక్కటి చాలునని తలచుటయు పొరపాటే. ఈ లెక్క ఏ పదార్థము ముక్కునకు అందునో చెప్పును గాని, అన్నియు కలిసినపుడు ఏమి తోచునో చెప్పదు. పులుసులో ఇంగువ చిటికెడే. అది లేనిదే రుచి లేదు. అయినను ఇంగువతోనే పులుసు కాదు. సిట్రొనెలాల్, జెరానియాల్ పునాది లేనిదే డమాసినోన్ గులాబిగా తోచదు.

మన తీరముననే ఉన్న మొగలితో పోల్చినచో ఈ విశేషము ఇంకను స్పష్టమగును. అనకాపల్లి నుండి తీరము వెంట ఉత్తరముగా పోయినచో, తెలుగువారు పెక్కుమంది నివసించు ఒడిశాలోని గంజాం జిల్లా వచ్చును. అచ్చటి మొగలి తైలమునకు దేశమంతట పేరు. ఆ తైలములో అధిక భాగము ఒకే పదార్థము, ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథరు. మొగలిని గుర్తుపట్టించునదియు అదే. మొగలి ఒక్క గొంతుతో పిలుచును. గులాబి తైలములో పలు గొంతులు ఒకదాని వెనుక ఒకటి వినవచ్చును. అందుచేతనే దానిని మెచ్చుటకు ఓపిక కావలెను.

వాసన చూచు విధము

సీసా మూతి వద్ద తీర్పు చెప్పరాదు. చిక్కని తైలము ముక్కును మొద్దుబరచును. శుద్ధమైన ఆల్కహాలులో నూటికి ఒక పాలు కలిపి, అచ్చు పడని మందపాటి కాగితపు ముక్క కొనను అద్ది, గాలికి విడువవలెను. వెంటనే ఒకసారి, పావుగంటకు, గంటకు, మరునాడు ఉదయము మరల చూడవలెను. ప్రతిసారి తోచినది వ్రాసికొనవలెను.

మొదట పదునైన పచ్చి వాసన తగులును. దీనిలో లిచీ పండును గుర్తుకు తెచ్చు రోజ్ ఆక్సైడు పాలు ఉన్నది. దానితో జెరానియాల్ తాలూకు నిమ్మ ఛాయ కలిసి ఉండును. పిదప తేనె, ఉడికిన పండు, లవంగము ఛాయలు తేలును. లవంగము యూజినాల్ వలన. కడపట మెత్తని తీపి, మైనపు ఛాయ మిగులును. నాసిరకపు మిశ్రమము మొదటి క్షణమున ఎంత ఘాటుగా ఉన్నను తరువాత చెప్పుటకు దానికేమియు ఉండదు. మంచి తైలము గంట గంటకు మారుచు, గులాబిగానే మిగులును. మారుచు నిలుచుటయే దాని గొప్ప.

దోషములును ఎంచవలెను. మంట మించినపుడు పాకము మాడినట్లే తైలమునకును మాడు వాసన పట్టును. రేకులు కుప్పలో వేడెక్కి పులిసినచో ఆ పులుపు దాగదు. పువ్వులోని మంచు వంటి తాజాతనము లేకపోవుట మాత్రము దోషము కాదు. అది స్వేదన తైలము స్వభావము.

ఒక ముక్కు తీర్పే అందరికి ప్రమాణము కాజాలదని కూడ గుర్తుంచుకొనవలెను. జన్యు భేదము వలన బీటా అయనోన్‌ను కొందరు మిక్కిలి సులభముగా పసిగట్టుదురు, కొందరికి అది దాదాపు తెలియదు. కావున ఇద్దరు ముగ్గురు కలిసి చూచి, తోచినది పోల్చుకొనుట మేలు.

కల్తీ, పరీక్ష

కల్తీ చరిత్రలో మన దేశమునకును చోటున్నది. పామరోజా గడ్డి నూనెలో జెరానియాల్ నూటికి 75 నుండి 85 పాళ్లు ఉండును. ఒకప్పుడు బొంబాయి రేవు నుండి తుర్కీ చేరిన ఈ నూనెను గులాబి తైలములో కలిపెడివారు. నిజమునకు పామరోజా నూనెకు తనదైన చక్కని గుణమున్నది. తన పేరుతో అమ్మినచో దానికి సిగ్గు పడవలసినదేమియు లేదు. ఆంధ్ర, తెలంగాణ రైతులు దానిని పండింపగలరు కూడ. గులాబి పేరు తగిలించుటలోనే మోసమున్నది.

అసలైన తైలమును చల్లబరచినచో సుమారు 16 నుండి 23 డిగ్రీల మధ్య అందులోని మైనపు పదార్థము పలుకులు కట్టును. దీనినే శుద్ధతకు గుర్తుగా చాలమంది చెప్పుదురు. కాని ఈ పలుకులకు వాసన లేదు. పూర్వము కల్తీదారులు తిమింగలపు కొవ్వు మైనము కలిపి వీటిని అనుకరించెడివారు. కావున పలుకులు కట్టకపోయినచో అనుమానింపవచ్చును, కట్టినంతనే నమ్మరాదు. ప్రయోగశాలలో వాయు వర్ణలేఖనము నమ్మదగిన పరీక్ష. పువ్వు తయారుచేయు సిట్రొనెలాల్ దాదాపు అంతయు ధ్రువీకృత కాంతిని ఎడమకు త్రిప్పు రూపమే. చవుకగా తయారగు కృత్రిమ సిట్రొనెలాల్‌లో సాధారణముగా కుడి ఎడమ రూపములు రెండును ఉండును. ముక్కు అనుమానమును పుట్టించును. యంత్రము దానిని తేల్చును.

సహజమను మాట

పువ్వు నుండి వచ్చినది గనుక హాని లేదనుట ఇంకొక భ్రమ. గులాబి తైలములో నూటికి 1 నుండి 3 పాళ్ల వరకు మిథైల్ యూజినాల్ ఉండును. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2023లో దీనిని మానవులకు బహుశః క్యాన్సరు కలిగించు పదార్థముల వర్గమున చేర్చినది. అందుచేతనే సుగంధ ద్రవ్యములలో దీని మోతాదునకు పరిమితులున్నవి. చిక్కని తైలమును చర్మమునకు పూయుట, వైద్యమని లోనికి పుచ్చుకొనుట తగదు. మంచి పరిమళకారుడు దీనిని చుక్కలలో కొలిచి వాడును. హాని తప్పుటకే గాక, సొగసుకును ఆ మితమే తగును.

గంధయుక్తిని అరువది నాలుగు కళలలో ఒకటిగా వాత్స్యాయనుడు లెక్కించినాడు. వరాహమిహిరుని బృహత్సంహితలో దానికి ఒక అధ్యాయమే ఉన్నది. యుక్తి అను మాటలో నేర్పు, తర్కము రెండును ఉన్నవి. ఆ విద్యకు పెట్టుబడి పెద్దగా అక్కరలేదు. 1913 నుండి చెరకు పరిశోధన జరుగుచున్న అనకాపల్లిలో, బెల్లపు దిమ్మను గిల్లి గుణము చెప్పగల సామాన్యుడు ఆ నేర్పును సగము సంపాదించియే ఉన్నాడు. మిగిలిన సగమునకు కావలసినది నాలుగు కాగితపు ముక్కలు, ఒక పెన్సిలు, మరునాటి వరకు తీర్పు ఆపుకొను ఓపిక. అంతటి ఓపికతో చూచిన తరువాత కూడ తైలము నచ్చకపోయినచో చింత లేదు. అప్పటికి కాదనుటకు మనకొక కారణమైనను ఉండును.